వీపుతో మాట్లాడకూడదు

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు కాలితో నేలమీద రెండుసార్లు తట్టాలి. అవతలి మనిషి ఇటు తిరగాలి. మొహంలోకి మొహం పెట్టి చూశాకే నోరు విప్పాలి. గిన్నెలు కడుగుతూనో, బీరువాలో తల దూర్చో, గుమ్మం దాటిపోతూనో మాట విసిరితే నాయనమ్మ ఊరుకునేది కాదు.

"వీపుతో మాట్లాడకండర్రా. వీపుకేమన్నా పెదాలున్నాయా?" అనేది.

అది పెద్దరికం చూపించుకోవడానికి పెట్టిన నియమం కాదు, మరమగ్గాల షెడ్డు నేర్పిన అలవాటు. నాయనమ్మ ముప్ఫై రెండేళ్ళు ఆ షెడ్డులో నేసింది. ఒకే రేకుల కప్పు కింద అరవై మగ్గాలు. నూలు లాగే నాడెలు అటూ ఇటూ కొట్టుకుంటుంటే పక్కమనిషి గొంతు చించుకున్నా నోరు ఆడటం కనిపించేదే తప్ప మాట వినిపించేది కాదు. అందుకని అక్కడ ఎవరూ గొంతు వాడేవాళ్ళు కాదు. మాటని పెదాలమీద బొమ్మ గీసినట్టు గీసేవాళ్ళు. కనుబొమలు కలిపితే కోపం, బుగ్గలు పూరిస్తే మేనేజరు. ఎనిమిది మగ్గాల అవతల ఉన్న మనిషితో పిల్లల జ్వరాల దగ్గర్నుంచి అత్తగారి సాధింపుల దాకా చెప్పుకునేవాళ్ళు. ఒకసారి ఇద్దరు ఆడవాళ్ళు అలాగే నిశ్శబ్దంగా తిట్టుకుని తిట్టుకుని, సైరను మోగి మగ్గాలు ఆగిపోయాక గొంతుతో తిట్టుకోవడం ఎలా మొదలుపెట్టాలో తోచక నవ్వేసి ఇళ్ళకి పోయారట.

షెడ్డులో ఇంకో పద్ధతి ఉండేది. దాన్ని అందింపు అనేవాళ్ళు. వాకిట్లో నిలబడ్డ మనిషి పెదాలమీద ఒక మాట కనిపించిందనుకోండి, దాన్ని చూసినవాళ్ళు వెంటనే తమ పెదాలతో వెనకవాళ్ళకి అందించాలి, వాళ్ళు ఇంకా వెనకవాళ్ళకి. మేనేజరు గుమ్మంలో చెప్పులు విప్పేలోపల ఆ కబురు చివరి మగ్గం దాకా వెళ్ళిపోయేది. అందిన మాటని తనదగ్గరే ఉంచుకునే మనిషిని ఎవరూ మంచినీళ్ళకి కూడా పిలిచేవాళ్ళు కాదు. ముప్ఫై రెండేళ్ళు అందించీ అందించీ, నాయనమ్మ పెదాలకి అదొక శ్వాసలాంటిదైపోయింది. ఎవరి పెదాలమీద మాట కనిపించినా ఆవిడ పెదాలు కూడా కదిలేవి. ఆ సంగతి ఆవిడకి తెలియదు.

కొడుకు ఆ షెడ్డులోనే మగ్గాల మేస్త్రీ. కోడలు నూలు కండెలు చుట్టే గదిలో పనిచేసేది. ఇలా ఇంట్లో ముగ్గురూ షెడ్డు మనుషులే అయ్యారు. ఆ షెడ్డు గడప తొక్కని మనిషి ఒక్కతే, ఆరేళ్ళ మనవరాలు.

ఆ పిల్లని ఇంట్లో బుస్సి అనేవాళ్ళు. పేరు పెట్టింది వాళ్ళ నాన్న. పిల్ల ముక్కు ఎప్పుడు చూసినా తలుపు మూసేసిన ఇల్లులా ఉండేది. గాలి రాకపోకలన్నీ నోటిగుండానే. మధ్యాహ్నం చాపమీద పడుకుంటే బుస్ బుస్ మని చప్పుడు పక్కింటి పిట్టగోడ దాకా వినిపించేది. అన్నం తినేటప్పుడు నమలడానికీ ఊపిరి తీసుకోవడానికీ ఒకటే దారి కావడంతో ముద్దకీ ముద్దకీ మధ్య ఆగి ఆయాసపడేది. అందరూ, బట్టలకి అంటుకొచ్చే దూది నూగు పిల్లకి పడట్లేదేమో, పెద్దయితే సర్దుకుంటుందిలే అనుకునేవాళ్ళు.

బుస్సికీ నాయనమ్మకీ ఉన్న పొత్తు ఇంకెవరికీ ఉండేది కాదు. నాయనమ్మ పక్కకి తిరిగి ఏదన్నా చెబుతుంటే, బుస్సి ఆవిడ గడ్డం పట్టుకుని మెల్లగా తనవైపు తిప్పుకునేది. ఆ చిన్న చెయ్యి గడ్డానికి తగలగానే నాయనమ్మ కరిగిపోయేది. "చూశారా, నా మొహం చూడకుండా ఉండలేదు నా తల్లి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

అలాంటి ఇంటికి ఒకరోజు బడినుంచి చీటీ వచ్చింది.

కోడలు రెండుసార్లు చదువుకుని, వంటింట్లోంచి వచ్చి, నాయనమ్మ ముందు కూర్చుని, నేలమీద కాలితో తట్టింది.

"అత్తయ్యా, టీచరమ్మ రాసింది. బుస్సి పాఠం వినట్లేదట. పక్క పిల్లల పుస్తకంలోకి చూస్తోందట. డిక్టేషన్‌లో పన్నెండుకి రెండో మూడో వస్తున్నాయట. ఇలాగే ఉంటే ఏడాది చివర పై తరగతికి పంపరు. మళ్ళీ చిన్నపిల్లల్తోనే కూర్చోబెడతారట."

"ఎవర్ని, మన బుస్సినా? ఆ టీచరమ్మకి బుర్ర ఉందా?"

"ముందోసారి చెవులు చూపించుకుని రమ్మని కూడా రాసింది."

"చెవులకేమయింది దానికి?"

"నాకూ అనుమానంగానే ఉంది అత్తయ్యా. నేను వంటింట్లోంచి పిలిస్తే పలకదు."

"కుళాయి తిప్పుకుని పిలిస్తే నేనూ పలకను. నీకు వంటింట్లోంచి మాట విసిరే జబ్బుంది, నా మనవరాలికి జబ్బు అంటగట్టకు. ఇప్పుడు చూడు."

బుస్సి అవతల గదిలో కిటికీ దగ్గర కూర్చుని బొమ్మకి జడ వేస్తోంది. నాయనమ్మ కాలితో రెండుసార్లు నేల తట్టింది. పిల్ల ఠక్కున తలెత్తింది. నాయనమ్మ గొంతు ఎత్తనైనా ఎత్తకుండా, షెడ్డు పద్ధతిలో పెదాలతో చెప్పింది: రెండో అరలో, నీలం డబ్బా పక్కన, నా కళ్ళజోడు ఉంది, తీసుకురా.

బుస్సి లేచి వెళ్ళి, రెండో అరలో నీలం డబ్బా పక్కనున్న కళ్ళజోడు తెచ్చి ఇచ్చింది.

"ఏమంటావు? ఇంత మెల్లగా చెబితేనే వినిపించింది" అంది నాయనమ్మ కోడలితో, గెలిచిన మొహం పెట్టుకుని.

కోడలికీ అసలు సంగతి తోచలేదు మరి. ముగ్గురు షెడ్డు మనుషులున్న ఇంట్లో పెదవి మాట కూడా మాటే. అది వినడం కాదని ఎవరికీ తట్టదు. అయినా ఆ కోడలిలో ఒక సుగుణం ఉంది, వాదించకుండా తను చేయదలుచుకున్నది చేసేస్తుంది. మర్నాడే చెవుల పరీక్షకి చీటీ రాయించుకొచ్చింది. తనకి సెలవు దొరకలేదు కాబట్టి పిల్లని తీసుకెళ్ళే పని నాయనమ్మ మీదే పడింది. "పోనీలే, ఆ టీచరమ్మ నోరు మూయించడానికన్నా పనికొస్తుంది" అనుకుంటూ బయలుదేరింది.

ఆ పరీక్ష చేసేది సన్నటి కళ్ళద్దాల పిల్ల ఒకతి. పాతికేళ్ళుంటాయేమో. నాయనమ్మ మనసులో ఆమెకి చెవులమ్మాయి అని పేరు పెట్టేసింది. ఆ గది గోడలకి మెత్తటి పరుపుల్లాంటివి బిగించి ఉన్నాయి. లోపల అడుగుపెట్టగానే చప్పుళ్ళన్నీ ఎవరో తుడిచేసినట్టయింది. నాయనమ్మకి మాత్రం పెద్ద తేడా తెలియలేదు.

చెవులమ్మాయి ముందుగా బుస్సి చెవిలో చిన్న రబ్బరు బిరడా పెట్టి మీట నొక్కింది. యంత్రంలోంచి కాగితం వచ్చింది. ఆ కాగితం మీద గీత గోపురంలా లేచి దిగాలట. బుస్సి గీత పరిచిన గుడ్డలా చదునుగా వచ్చింది. రెండో చెవికీ అంతే.

"ఊఁ" అంది చెవులమ్మాయి. తరవాత బల్లమీద పన్నెండు బొమ్మలు పరిచింది. బంతి, చెంచా, చేప, తాళం, గొడుగు, పడవ, దువ్వెన, టోపీ, ఇలాంటివి. "నేను పేరు చెబుతాను, నువ్వు ఆ బొమ్మమీద వేలు పెట్టాలి, సరేనా తల్లీ?"

బుస్సి తల ఊపింది. కానీ నాయనమ్మ ఎదురుగా లేకపోతే కూర్చోనంది. సరే, చెవులమ్మాయి పక్కనే కుర్చీ వేసి నాయనమ్మని కూర్చోబెట్టారు. ఇటు చెవులమ్మాయి, నాయనమ్మ. బల్ల అవతల బుస్సి.

చెవులమ్మాయి ఒక అట్టముక్క తీసి తన నోటికి అడ్డం పెట్టుకుంది, పిల్ల పెదాలు చూడకుండా. మెల్లగా "చేప" అంది.

బుస్సి చేప మీద వేలు పెట్టింది.

"గొడుగు."

గొడుగు మీద పెట్టింది. తాళం, పడవ, టోపీ. ఒక్కటి తప్పితే ఒట్టు. పన్నెండుకి పన్నెండు. నాయనమ్మ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

చెవులమ్మాయి చదునుగా ఉన్న గీతని చూసింది. పిల్లని చూసింది. మళ్ళీ గీతని చూసింది. ఇంకెవరైనా అయితే యంత్రం పాడైందనో, పిల్ల బాగానే ఉందనో రాసి పంపేసేవాళ్ళే. బయట ఇంకా తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. చెవులమ్మాయి అలా పంపలేదు. మళ్ళీ అట్ట అడ్డం పెట్టుకుని, "దువ్వెన" అంటూ ఈసారి బొమ్మల్ని చూడకుండా బుస్సి కళ్ళని చూసింది. బుస్సి కళ్ళు తనవైపు లేవు. పక్కకున్నాయి. ఆ కళ్ళు ఎటు పోతున్నాయో అటు చెవులమ్మాయి మెల్లగా తల తిప్పింది.

నాయనమ్మ పెదాలు 'దువ్వెన' అంటున్నాయి.

అట్ట ముందువైపే కదా అడ్డం. పక్కన కూర్చున్న మనిషికి అట్ట వెనకనున్న పెదాలు ఓరగా కనిపిస్తూనే ఉన్నాయి. ముప్ఫై రెండేళ్ళ షెడ్డు మనిషికి ఆ మాత్రం ఓరగా కనిపిస్తే చాలదూ. అందిన మాటని అందించేసింది. చెవులమ్మాయి పెదాలనుంచి నాయనమ్మ కళ్ళకి, నాయనమ్మ పెదాలనుంచి బుస్సి కళ్ళకి. చెవుల పరీక్ష మొత్తంలో చెవులు వాడిన మనిషి ఒక్కరూ లేరు.

"పెద్దమ్మా, మీరు పేర్లు అందిస్తున్నారు" అంది చెవులమ్మాయి.

"నేనా? నేను నోరు మెదపందే."

"మెదిపారు పెద్దమ్మా. చప్పుడు లేదంతే."

నాయనమ్మ చేత్తో తన పెదాలు తడుముకుంది, అవి తనవి కానట్టు.

"ఒక్క ఐదు నిమిషాలు గోడవైపు తిరిగి కూర్చుంటారా?"

తిరగడం అంటే పిల్లకి వీపు చూపించడం. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చేయని పని. అయినా కుర్చీ తిప్పుకుంది. గోడమీది మెత్తటి పరుపుకి చిన్నచిన్న చిల్లులున్నాయి. వాటిని చూస్తూ కూర్చుంది. వెనక ఏం జరుగుతోందో ఆవిడకీ వినిపించలేదు.

కాసేపటికి పక్కన చిన్న అడుగులు కదిలినట్టయింది. ఒక చిన్న చెయ్యి వచ్చి నాయనమ్మ గడ్డం పట్టుకుని మెల్లగా తనవైపు తిప్పుకుంది. బుస్సి కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"నాయనమ్మా, అక్కయ్య ఏం చెబుతోందో చెప్పవా."

పన్నెండుకి రెండే వచ్చాయి. అవీ గుడ్డిగా వేలు పెడితే వచ్చినవే కావచ్చునంది చెవులమ్మాయి.

నాయనమ్మ ఆ చేతిని తన గడ్డం మీదనే అదిమి పట్టుకుంది. పొత్తు అనుకుంది ఇన్నాళ్ళూ. మొహం చూడకుండా ఉండలేదు నా తల్లి అని ఊరంతా చాటింది. పిల్ల ఏడాదో రెండేళ్ళో నీళ్ళలో మునిగినదానిలా ఉంటే, తను ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టింది.

"నావల్లే అమ్మా. ఎప్పుడో తెలిసేది, నేనే తెలియనివ్వలేదు" అంది.

చెవులమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుని, ఆవిడ మొహానికి ఎదురుగా వచ్చి కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే. అట్ట కింద పెట్టేసి, పెదాలు తేటగా కదుపుతూ మాట్లాడింది. "పెద్దమ్మా, ఇలాంటి పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. చాలామంది మాటలు సరిగా రాకుండా వస్తారు. మీ పిల్ల ఎంత చక్కగా మాట్లాడుతోందో చూడండి. వినపడని రోజుల్లో కూడా మాటని చూపించారు మీరు. ఆరేళ్ళకే ఇంత బాగా పెదాలు చదివే పిల్లని నేనింతవరకూ చూడలేదు. ఇది దాచిపెట్టడం ఒక్కటే కాదు, కాపాడటం కూడా."

ఆ మాట నాయనమ్మ చాలామందికి చెప్పుకుంది తరవాత. పాతికేళ్ళ పిల్ల, తప్పు పట్టుకుంది, పట్టుకుని కూడా మొహానికి ఎదురుగా వచ్చి కూర్చుని చెప్పింది చూశారా అని.

ఆ పక్కగదిలో డాక్టరుగారు కాగితంమీద బొమ్మ గీసి చూపించారు. ముక్కు వెనకాల, గొంతుకి పైన, పిల్లలందరికీ ఒక చిన్న కండ ఉంటుందట. అడినాయిడ్లు అంటారట. కొంతమంది పిల్లలకి అది వాచి, పెరిగి, ముక్కు దారికి అడ్డం పడుతుంది. చెవి లోపలినుంచి అక్కడికే ఒక సన్నటి గొట్టం దిగుతుంది, చెవికి గాలి ఆడేది దానిగుండానే. ఆ గొట్టం పనిచేయకపోతే చెవిలో నీరు ఊరి, పోయే దారి లేక జిగురులా చిక్కబడుతుంది. అప్పుడు కర్ణభేరి కదలదు.

"గంజి ఎక్కువైన పడుగు నూలులాగా. బిగుసుకుపోతుంది, మగ్గం ఆడదు" అంది నాయనమ్మ.

డాక్టరుగారు పెన్ను ఆపి ఆవిడవంక చూశారు. "అంతేనమ్మా. నేను ఇన్నేళ్ళనుంచి చెబుతున్నాను, ఇంత సులువుగా చెప్పలేకపోయాను."

చాలామంది పిల్లలకి రెండుమూడు నెలల్లో ఆ నీరు దానంతటదే పోతుందనీ, అంతవరకూ ఆగి మళ్ళీ పరీక్ష చేద్దామనీ, పోకపోతే ఆ కండ తీసేసి, చెవుల్లో గాలి ఆడేలా బియ్యపుగింజ కన్నా చిన్న గొట్టాలు పెడతామనీ చెప్పారు.

మూడు నెలలంటే డాక్టరుగారికి మూడు నెలలే. బుస్సికి మాత్రం అవి గడిచేసరికి ఏడాది చివరి డిక్టేషన్‌కి నాలుగు వారాలే మిగులుతాయి. ఆ లెక్క ఇంటికి వెళ్ళే దారిలోనే వేసుకుంది నాయనమ్మ. మర్నాడు బడికి వెళ్ళింది. టీచరమ్మ నోరు మూయిస్తానని బయలుదేరిన మనిషే, నోరు తగ్గించుకుని నిలబడింది.

"మీరన్నదే నిజం అమ్మా. పిల్లకి వినపడట్లేదు. మీరు కనిపెట్టారు, మేం కనిపెట్టలేకపోయాం."

టీచరమ్మ మనిషి కాస్త గట్టిది. గొంతూ గట్టిదే. "నేను పొగరనుకున్నానమ్మా, చెవులనుకోలేదు. ఊరికే ఆ ముక్క చీటీలో చివర రాశానంతే. ఇప్పుడేం చేయాలి చెప్పండి."

"నల్లబల్ల మీద రాస్తూ రాస్తూ మాట్లాడకండి. ముందు రాసేయండి, తరవాత ఇటు తిరగండి, అప్పుడు చెప్పండి. తెగిన పోగు ముడివేశాకే మాట్లాడతాం మేం కూడా. రెండు పనులూ ఒకేసారి చేస్తే రెండూ పాడవుతాయి."

"నలభైమంది పిల్లలమ్మా నాకు. నేను వెనక్కి తిరిగానంటే సగంమంది బెంచీలెక్కుతారు. మాట్లాడకుండా ఎలా రాయను?"

"అందుకే చెబుతున్నా. మాట మీ వీపుకున్నప్పుడే వాళ్ళు బెంచీలెక్కుతారు. మొహానికుంటే ఎక్కరు."

టీచరమ్మకి నవ్వొచ్చింది. బుస్సిని ముందు బెంచీకి మార్చింది. రాశాక తిరిగి మాట్లాడటం అలవాటు చేసుకుంది. మొదటి వారం సగం మర్చిపోయింది, మర్చిపోయినప్పుడల్లా బుస్సి బెంచీ కింద కాలితో రెండుసార్లు తట్టేది. నెల తిరిగేసరికి గట్టిగా మాట్లాడే అవసరమే తగ్గిందనీ, సాయంత్రానికి గొంతు బొంగురుపోవడం లేదనీ తనే చెప్పింది. ఒక్కదానికి మాత్రం తల పట్టుకుంది.

"మీ మనవరాలు తరగతి మొత్తానికీ మీ షెడ్డు భాష నేర్పేసిందమ్మా. ఇదివరకు అల్లరి చేస్తే వినిపించేది. ఇప్పుడు నలభైమందీ చేతులు కట్టుకుని కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎవర్ని పట్టుకోను?"

"బుగ్గలు పూరించేవాళ్ళని పట్టుకోండి. మీ గురించే చెప్పుకుంటూ ఉంటారు" అంది నాయనమ్మ.

పాఠాలు బాగానే సాగాయి. చిక్కల్లా డిక్టేషన్ దగ్గరే. పిల్లలు ఒకరిలోది ఒకరు చూసి రాయకుండా టీచరమ్మ ఎప్పుడూ తరగతి వెనకనుంచి నడుస్తూ పదాలు చెప్పేది. ఏడాది చివర పన్నెండు పదాల్లో ఎనిమిదన్నా వస్తేనే పై తరగతి.

మూడు నెలలు గడిచాయి. చెవులమ్మాయి మళ్ళీ బిరడా పెట్టి మీట నొక్కింది. ఈసారి నాయనమ్మని ఎవరూ అడగక్కర్లేకపోయింది, తనే గోడవైపు తిరిగి కూర్చుంది. గీత అప్పటిలాగే చదునుగా వచ్చింది. డాక్టరుగారు ఆ వారంలోనే ఆపరేషన్‌కి రోజు చెప్పారు.

ఆ రోజు కొడుకూ కోడలూ ఇద్దరూ సెలవు పెట్టారు. పైకి ఎక్కడా కోత లేదు, నోటిగుండానే తీసేశారు. పొద్దున్న తీసుకెళ్ళిన పిల్లని సాయంత్రానికి ఇంటికి పంపేశారు. నాలుగు రోజులు గొంతు నొప్పని చల్లటి పాలు తప్ప ఏమీ ముట్టలేదు. చెవిలోకి నీళ్ళు పోనివ్వొద్దన్నారని, తలస్నానానికి కోడలు చేసిన హంగామా చూస్తే ఇంట్లో చంటిపిల్ల పుట్టినట్టుండేది.

ఐదో రోజు మధ్యాహ్నం బుస్సి చాపమీద నిద్రపోతోంది. నోరు మూసుకుని నిద్రపోతోంది. బుస లేదు. వాళ్ళ నాన్న వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. కోడలు వచ్చి చూసింది. నాయనమ్మా చూసింది. ముగ్గురూ చుట్టూ కూర్చుని, ఆ పిల్ల ముక్కుతో గాలి పీల్చుకోవడాన్ని, మొదటిసారి నాడె ఆడిన కొత్త మగ్గాన్ని చూసినట్టు చూశారు.

"ఇంక ఈ పిల్లని ఏమని పిలవాలిరా? బుస్సి అనడానికి బుస ఏది?" అంది నాయనమ్మ.

"వచ్చిన పేరు పోదులే అమ్మా" అన్నాడు కొడుకు, కళ్ళు తుడుచుకుంటూ.

లేచాక బుస్సి ఇంట్లో తిరుగుతూ ఒక్కొక్క వస్తువుమీదా ఫిర్యాదు చేసింది. గోడగడియారం ఊరికే తడుతోందట. కాగితం తిప్పితే చప్పుడవుతోందట. నాన్న అరుస్తున్నాడట, ఆయన మామూలుగానే మాట్లాడుతున్నాడు పాపం. ఆఖరికి నాయనమ్మ దగ్గరికి వచ్చి, "నువ్వు నడుస్తుంటే నీ మోకాళ్ళు మాట్లాడుతున్నాయి" అంది.

"ఏమంటున్నాయి?"

"కిర్రు కిర్రు అంటున్నాయి. నీకు వినపడట్లేదా?"

"నాకు అవి నొప్పితోనే చెబుతాయి తల్లీ" అంది నాయనమ్మ.

వంటింట్లోంచి కోడలు పిలిస్తే ఇప్పుడు బుస్సి తల తిప్పకుండానే "ఆఁ" అనేది. ఆ ఒక్క "ఆఁ" కోసం కోడలు ఊరికే పిలిచేది, పలికాక "ఏం లేదులే" అనేది. గడ్డం పట్టుకుని తిప్పే చెయ్యి మాత్రం రావడం మానేసింది. నాయనమ్మ ఒకటి రెండుసార్లు కావాలనే పక్కకి తిరిగి మాట్లాడింది. బుస్సి బొమ్మకి జడ వేస్తూనే జవాబిచ్చింది. నాయనమ్మ తన గడ్డం తనే తడుముకుని, లేచి బట్టలు మడతపెట్టుకుంది.

ఇంక మిగిలిన వారాల్లో రోజూ సాయంత్రం కోడలు వెనకనుంచి పదాలు చెబుతూ పిల్లచేత రాయించింది. మొదట్లో బుస్సి ప్రతి పదానికీ వెనక్కి తిరిగి చూసేది. విన్నా కూడా, చూస్తే తప్ప నమ్మకం కుదిరేది కాదు. పాత అలవాటు మరి, కళ్ళు చెవుల పని లాక్కునేవి.

డిక్టేషన్‌కి ముందురోజు టీచరమ్మ నాయనమ్మని ఆపి చెప్పింది. "రేపు నేను ముందు నిలబడే చెబుతానమ్మా. పిల్ల నా మొహం చూస్తూ రాసుకుంటుంది. ఒక్కరోజు వాళ్ళూ వీళ్ళూ చూసి రాసుకుంటే కొంపేం మునగదు."

నాయనమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయింది. ఆవిడ చేతివేలు పట్టుకుని నిలబడ్డ బుస్సి నోరు విప్పింది.

"వద్దు టీచర్. అందరికీ వెనకనుంచే కదా చెప్పేది."

టీచరమ్మ నాయనమ్మని చూసింది. నాయనమ్మకి ముందునుంచే చెప్పమనాలని ఉంది. ఎనిమిది రాకపోతే ఏడాదంతా మళ్ళీ చిన్నపిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి ఈ పిల్ల. కానీ ఆ మాట అన్న మొహం చూశాక ఏం చెబుతుంది?

"పిల్లే చెప్పిందిగా" అంది.

మర్నాడు ఆఖరి గంటలో డిక్టేషన్. పిల్లని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన నాయనమ్మ అరగంట ముందే వచ్చేసింది. తరగతి గది తలుపుకి పైభాగంలో అద్దం ఉంది. ఆ అద్దంలోంచి చూస్తే, ముందు బెంచీలో ఇటువైపు తిరిగి కూర్చున్న బుస్సి కనిపిస్తోంది. బెంచీలన్నిటి వెనకాల టీచరమ్మ నడుస్తోంది. టీచరమ్మ పెదాలు నాయనమ్మకి అద్దాల తొట్టిలో చేపల్లా తేటగా కనిపిస్తున్నాయి.

టీచరమ్మ పెదాలు 'వంతెన' అన్నాయి. నలభై తలలు వంగాయి. బుస్సి పెన్సిలు పట్టుకుని ఆగింది. అనుమానం వచ్చినప్పుడు చేసే పని చేసింది, తలెత్తింది. తలెత్తగానే ఎదురుగా తలుపు అద్దంలో నాయనమ్మ.

పెదాలు కదలబోయాయని నాయనమ్మకి ఈసారి తెలిసింది. ముప్ఫై రెండేళ్ళు అందించిన పెదాలు, అందిన మాటని పట్టుకుని కూర్చుని ఎరగనివి. పిల్ల కళ్ళు అడుగుతున్నాయి. ఒక్క మాట. చప్పుడు కూడా ఉండదు. టీచరమ్మకి తెలియనే తెలియదు.

నాయనమ్మ వెనక్కి తిరిగి నిలబడింది. తలుపుకి వీపు పెట్టేసింది.

వరండాలో నలభై జతల చెప్పులు వరసగా ఉన్నాయి. బుస్సి చెప్పులేవో వెతికింది. దొరికాయి. ఒకదానికి పట్టీ ఊడివచ్చేలా ఉంది, ఆదివారం కుట్టించాలి అనుకుంది. మళ్ళీ మొదటినుంచీ చెప్పులన్నీ లెక్కపెట్టింది. మోకాళ్ళు కిర్రుమంటున్నాయేమో ఆవిడకి తెలియదు. వెనక పెన్సిళ్ళు గీస్తున్నాయో ఆగాయో, టీచరమ్మ ఎన్ని పదాలు చెప్పిందో, పిల్ల ఏడుస్తోందో రాస్తోందో, ఏమీ తెలియదు. అంతసేపు మనవరాలికి వీపు చూపించి నిలబడటం ఆవిడ జన్మలో అదే మొదలు. గంట కూడా మోగే ఉంటుంది. ఆవిడ అలాగే నిలబడి ఉంది.

కాళ్ళకింద బండ రెండుసార్లు అదిరింది. ఎవరో కాలితో తట్టారు.

నాయనమ్మ తిరిగి చూసింది. బుస్సి పుస్తకం రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. వెనక టీచరమ్మ, అందరికంటే ముందు ఆ పుస్తకమే దిద్దినట్టుంది.

"రెండుసార్లు పిలిచాను నాయనమ్మా. నీకు వినపడలేదు" అంది బుస్సి. "అందుకని తట్టాను."

నాయనమ్మ పుస్తకంవైపు చూసింది. ఎర్ర సిరాతో వేసిన అంకె ఆవిడకి తెలుసు, ఆ మాత్రం చదువు ఉంది. పది.

"పన్నెండుకి పదొచ్చాయమ్మా" అంది టీచరమ్మ, ఆవిడ మొహానికి ఎదురుగా వచ్చి, పెదాలు తేటగా కదుపుతూ. "పై తరగతికి పంపుతున్నాను. నాకే దిగులుగా ఉంది, ఇంక నేను వీపుతో మాట్లాడితే ఎవరు తడతారు?"

"ఆ రెండూ కూడా నాకు వినిపించాయి. రాయడమే తప్పు రాశాను" అంది బుస్సి, ఎవరూ అడగకుండానే, కాస్త కోపంగా.

నాయనమ్మకి ఆ పదికంటే ఈ రెండే ఎక్కువ ముద్దొచ్చాయి. పిల్లలందరిలాగా తప్పు రాసింది నా తల్లి, వినపడక కాదు.

చెప్పులు వేసుకుంటూ బుస్సి అడిగింది. "నువ్వెందుకు అటు తిరిగిపోయావు? వీపుతో మాట్లాడకూడదంటావుగా."

"నేనేం మాట్లాడాను? నోరు మెదపందే."

బుస్సి ఆ జవాబుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఒప్పుకుంది. ఆరోజు బడిలో జరిగిందంతా చెప్పాలి కదా. చెప్పడం మొదలుపెట్టి, నాలుగడుగులు వేశాక, పక్కన నడిచే నాయనమ్మకి సగమే అందుతోందని కనిపెట్టినట్టుంది. గబగబా ముందుకు వెళ్ళి ఆవిడకి ఎదురుగా తిరిగింది. నాయనమ్మ రెండు చేతులూ పట్టుకుని, మొహంలోకి మొహం పెట్టి, నోరు బాగా తెరిచి ఒక్కొక్క మాటా బొమ్మ గీసినట్టు చెబుతూ, ఇంటిదాకా వెనక్కే నడిచింది. స్తంభాలూ గుంతలూ వచ్చినప్పుడల్లా నాయనమ్మే ఆ చేతులు పట్టుకుని పక్కకి తప్పించింది.